చూరు నీళ్ళ వ్యాజ్యం

తాళ్ళు పేనేవాడు రోజంతా వెనక్కి నడుస్తాడు. నడుముకు నార చుట్టుకుని, దాని కొసను చక్రానికున్న కొక్కేనికి తగిలిస్తాడు. అవతల భార్య చక్రం తిప్పుతుంటే వేళ్ళతో నార వదులుతూ అడుగు తర్వాత అడుగు వెనక్కి వేస్తాడు. నూట యాభై అడుగులు నడిస్తే ఒక పేట. అలాంటి పేటలు మూడు కలిపి పురి ఎక్కిస్తే వంద అడుగుల తాడు వస్తుంది. అక్కడి బావులకు వంద అడుగులు కావాలి. అంతకంటే పొట్టి తాడు ఎవరూ కొనరు.

అందుకని అతనికి ఇల్లు ఎంత చిన్నదైనా ఫరవాలేదు. నూట యాభై అడుగుల నేల మాత్రం తిన్నగా ఉండాలి. ఉంది. పది అడుగుల వెడల్పు, తండ్రి నాటి నుంచి తొక్కి తొక్కి గట్టిపడిన నేల. దాన్ని వీధిలో అందరూ నడక అనేవారు. అతన్ని తాళ్ళాయన అనేవారు.

వెనక్కి నడిచేవాడికి వెళ్ళే చోటు కనిపించదు, వదిలి వచ్చిన చోటు కనిపిస్తుంది. తాళ్ళాయనకు రోజంతా కనిపించేవి మూడు: చక్రం, చక్రం తిప్పే భార్య, ఆమె వెనక బావమరిది ఇంటి గుమ్మం.

బావమరిది ఇళ్ళకు పెంకులు కప్పుతాడు, అందరూ అతన్ని పెంకులాయన అనేవారు. వీధిలో సగం కప్పులు అతను వేసినవే. అతని ఇంటి పక్క గోడ నడకను ఆనుకుని ఉంటుంది, చూరు నడక వైపు వాలి ఉంటుంది. ఆ గుమ్మాన్నీ ఆ చూరునూ తాళ్ళాయన ఇరవై ఏళ్ళు చూశాడు. ఏమీ అనిపించలేదు. కమ్మరి చనిపోయాక అనిపించడం మొదలైంది.

ఆ ఊళ్ళో తగువులు బల్ల మీద తీరేవి. పట్నంలో సర్కారు కోర్టు ఉండేది. రెండు రోజుల నడక, వెళ్ళాక కాగితం చూపించమంటారు. ఊళ్ళో కాగితం ఎవరి దగ్గరా లేదు. అందుకని ధాన్యం తూచే షెడ్డులో ఒక పొడుగాటి బల్ల వేసుకుని ఐదుగురు కూర్చునేవారు. కాటా వేసే ముసలాయన మధ్యలో కూర్చునేవాడు. అతన్ని అందరూ కాటా తాత అనేవారు. ఐదుగురూ ఒప్పుకున్న మాటే చట్టం. కమ్మరి ఆ ఐదుగురిలో ఒకడు.

బల్ల మీద ఒకరు పోతే కొత్తవారిని ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మిగిలిన నలుగురూ ఒక్కొక్కరే షెడ్డు బయటికి వచ్చి, లోపలున్నవాళ్ళకు వినపడకుండా ఒక పేరు చెప్పి, మళ్ళీ లోపలికి పోకుండా పక్కన నిలబడాలి. ఎక్కువమంది చెప్పిన పేరు బల్లెక్కుతుంది.

ఆ రోజు తాళ్ళాయన ముందు వరుసలో నిలబడ్డాడు. ముందురోజే చొక్కా ఉతికించి ఇస్త్రీ చేయించుకున్నాడు. మొదట కాటా తాత బయటికి వచ్చి, "పెంకులాయన," అన్నాడు. తాళ్ళాయన సర్దుకున్నాడు. ఇంకా మూడున్నాయి. రెండో మనిషి అదే పేరు చెప్పాడు. మూడో మనిషీ అంతే. చివరికి నార అమ్మే ఆమె వచ్చింది. పదిహేనేళ్ళుగా తాళ్ళాయన ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా నార కొనలేదు. ఆమె జనాన్ని చూసింది, తాళ్ళాయన చొక్కా చూసింది, తల తిప్పుకుని, "పెంకులాయనే," అంది.

ఇంటికి వచ్చాక భార్య, "చొక్కా విప్పండి, మాసిపోతుంది," అంది.

"మీ తమ్ముడికిచ్చి రా. నాకెందుకు?"

"వాడికి భుజాలు పట్టవు."

"ఇప్పుడు అసలే పట్టవు. పొంగిపోయుంటాయి."

"పోనీలెండి, పరాయివాడా? మీ బామ్మర్దేగా."

"అదే కదా నా ఏడుపు," అన్నాడు.

నిజం అదే. పరాయివాడైతే తాళ్ళాయన సర్దుకునేవాడు. పెళ్ళినాటికి ముక్కు చీదడం రానివాడు, తన భుజాలెక్కి పక్కవాళ్ళ కాయలు కోసినవాడు, నిన్నటిదాకా బావా బావా అంటూ వెనక తిరిగినవాడు. ఇప్పుడు నడకలో మొదటి అడుగు వెనక్కి వేయగానే వాడి గుమ్మం, ఆ గుమ్మంలో ఎవరో ఒకరు. నిన్న ఒరేయ్ అన్నవాళ్ళు ఇవాళ ఏమండీ అంటున్నారు.

 తాళ్ళాయన నడక అవతలి కొసన గుంజకు ఒక సన్నటి పురికొస కట్టాడు. బావమరిది గుమ్మంలోకి ఒక మనిషి వస్తే, పేట పూర్తిచేసి కొసకు చేరాక, ఆ పురికొసకు ఒక ముడి వేసేవాడు. మొదటి రోజు నాలుగు ముళ్ళు. మర్నాడు ఆరు.

ఆ ముళ్ళు ఎందుకని భార్య అడగలేదు. ఆమె వీపు తమ్ముడి గుమ్మం వైపు ఉండేది. కానీ చక్రం తిప్పేవాళ్ళకు అవతలి మనిషి నడక చేతికి తెలుస్తుంది. వెనక ఎవరో వచ్చారంటే నార ఒక్కసారి బిగుసుకునేది, ఆ చోట పురి ఎక్కువయ్యేది. ఆ నెలలో రెండు తాళ్ళు విప్పి మళ్ళీ పేనవలసి వచ్చింది.

నెల తిరక్కముందే తాళ్ళాయన వ్యాజ్యం పట్టుకుని బల్లకెక్కాడు.

బల్ల మీద కూర్చున్నవాడి మీదే వ్యాజ్యం పడితే, అది తేలేదాకా అతను దిగి నిలబడాలి. ఇది ఊళ్ళో అందరికీ తెలిసిన నియమం. అప్పటిదాకా ఎవరూ వాడుకోలేదు. తాళ్ళాయన ఐదుగురి ముందు నిలబడి, బావమరిది చూరు నీళ్ళు నడక మీద పడుతున్నాయని, నార తడిసి కుళ్ళుతోందని చెప్పాడు.

పెంకులాయన బల్ల మీద నుంచే, "నా చూరా?" అన్నాడు.

"నీదే."

"బావా, నేను పెంకులు కప్పేవాణ్ణి."

"అందుకే సిగ్గుపడాలి."

షెడ్డులో నవ్వారు. పెంకులాయన నవ్వలేదు. కాటా తాత పైకి చూశాడు. వేసవి మొదలై పది రోజులైంది, వానలకు ఇంకా మూడు నెలలుంది. "వాన పడితే గానీ తేలదు," అన్నాడు తాత.

"నాకేం తొందర లేదు తాతా," అన్నాడు తాళ్ళాయన.

పెంకులాయన దిగి గోడ పక్కన నిలబడ్డాడు. బల్ల మీద ఒక మనిషి పట్టేంత ఖాళీ కనిపించింది. ఆ పూట తాళ్ళాయన పేనిన పేటలో ఎక్కడా పురి ఎక్కువ తక్కువలు లేవు. సాయంత్రం పెంకులాయన అక్క దగ్గరికి వచ్చాడు. తాళ్ళాయన అతని మొహం మీదే తలుపు మూశాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

చిత్రం ఏమిటంటే, బల్ల దిగినా ఆ గుమ్మానికి జనం తగ్గలేదు, పెరిగారు. ఒకరోజు పదకొండు ముళ్ళు పడ్డాయి.

మరో నెలకు ఇటుక బట్టీ ఆయన బల్లకెక్కాడు. బట్టీ నుంచి రోడ్డుకు బండ్లు చుట్టూ తిరిగి పోతున్నాయి. నడక మధ్యలోంచి దారి వేస్తే తిన్నగా పోతాయి. ఆ నేల తన తండ్రిదని, తాళ్ళవాళ్ళను ఏదో మొహమాటానికి వాడుకోనిచ్చాడని అతను చెప్పాడు.

అది అబద్ధం. పాతికేళ్ళ కిందట ఇద్దరు తండ్రులూ మార్పిడి చేసుకున్నారు. తాళ్ళవాళ్ళ మట్టి గుంట బట్టీవాళ్ళకు పోయింది, బట్టీవాళ్ళ నేల తాళ్ళవాళ్ళకు వచ్చింది. ఆ గుంట మట్టితోనే బట్టీ ఇంతయింది. చూసినవాళ్ళు ముగ్గురు: కమ్మరి, ఒక సాలె ఆయన, పెంకులాయన. కమ్మరి, సాలె ఆయన ఇప్పుడు లేరు. పెంకులాయనకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. బట్టీ షెడ్డు మీద పెంకులు సర్దుతూ పై నుంచి అంతా చూశాడు.

"భూమి తగువుకు సాక్ష్యం రెండు నోళ్ళు చెప్పాలి," అంది భార్య ఆ పొద్దున చక్రం ఆపి. "మనకున్నది ఒక్క నోరు. అదీ చుట్టం నోరు. చుట్టం మాట చెల్లదు."

"తెలుసు."

"దారి వేస్తే నడకలో మనకు మిగిలేది డెబ్బై అడుగులు. ఏం పేనుకుంటాం? మొలతాళ్ళా?"

"తెలుసని చెప్పానుగా."

"తమ్ముణ్ణి అడగండి. ఏదో ఒకటి తోస్తుంది వాడికి."

"నేనడగను."

"అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలతాయా?"

అతను నార నడుముకు చుట్టుకున్నాడు. ఆమె చక్రం తిప్పలేదు. లేచి తమ్ముడి ఇంటికి పోయింది. తాళ్ళాయన నడక మధ్యలో కొక్కేనికి కట్టేసినట్టు నిలబడి, ఆ గుమ్మంలోకి పోయిన ఆమెను చూశాడు. ఆమెకు కూడా ముడి వేయాలా అని ఒక్క క్షణం ఆలోచించాడు. వేయలేదు.

విచారణ రోజు షెడ్డు నిండింది. బల్ల మీద నలుగురే ఉన్నారు. బట్టీ ఆయన తన మాట చెప్పి కూర్చున్నాడు. తాళ్ళాయన మార్పిడి సంగతి చెప్పాడు. "చూసినవాళ్ళెవరు?" అన్నాడు తాత. తాళ్ళాయన నోరు తెరిచేలోపు గోడ పక్క నుంచి పెంకులాయన ముందుకు వచ్చాడు.

"నేను చూశాను. పెద్దవాళ్ళిద్దరూ ఒకే తాడుకు చెరో కొస పట్టుకుని నేల కొలిచారు. కొలిచిన తాడు కోసి చెరి సగం తీసుకున్నారు. ఈ బట్టీ అన్న అక్కడే బండి మీద పడుకుని నిద్రపోతున్నాడు."

"నేను నిద్రపోలేదు!" అన్నాడు బట్టీ ఆయన.

"అయితే నువ్వూ చూశావన్నమాట," అంది నార ఆమె.

నవ్వులు ఆగాక బట్టీ ఆయన లేచాడు. "వీడు అతని బామ్మర్ది. ఒకే కంచంలో తినేవాళ్ళు. చుట్టం మాట చెల్లదు."

కాటా తాత గడ్డం గోక్కున్నాడు. "చెల్లదు. కానీ వీళ్ళిద్దరికీ బల్ల మీద తగువు నడుస్తోంది. తగువున్నవాడు అవతలివాడికి సాయంగా మాట్లాడితే అది చుట్టరికం కాదు, నిజం. అలాంటి నోరు రెండు నోళ్ళ కింద లెక్క. మా తాత కాలంలో రెండుసార్లు అలా తీర్పయింది."

తాళ్ళాయన బావమరిది వైపు చూశాడు. అతను తాత వైపే చూస్తున్నాడు. ఈ నియమం అతనికి ముందే తెలుసని తాళ్ళాయనకు అర్థమైంది. బల్ల మీద కూర్చుంది నెల కూడా కాదు, అంతలోనే అన్నీ నేర్చుకున్నాడు. నడక దక్కబోతోందన్న సంగతి కంటే ముందు తాళ్ళాయనకు గుచ్చుకున్నది ఇది.

"ఏం తగువు తాతా?" అన్నాడు బట్టీ ఆయన. "ఇదంతా నాటకం. నేను దావా వేస్తానని పసిగట్టి, ముందే ఉత్తుత్తి వ్యాజ్యం వేసుకుని కూర్చున్నారు. చూరు నీళ్ళు చూడ్డానికి వానెందుకు? బిందెలు లేవా? పోయించండి."

నలుగురూ మొహాలు చూసుకున్నారు. ఆ మాట నెల కిందట ఎవరికీ తోచలేదు.

అందరూ నడక దగ్గరికి పోయారు. బట్టీ మనుషులు బిందెలు మోశారు, ఇద్దరు నిచ్చెన వేసుకుని కప్పెక్కారు. పెంకులాయన కింద నిలబడి, "అంచు మీద కాలు పెట్టకండి, మధ్యలో పెట్టండి," అని చెప్తూనే ఉన్నాడు. ఆరు బిందెలు కుమ్మరించారు. నీళ్ళు పెంకుల మీద జారి, చూరు కింద అతను అమర్చిన మట్టి గొట్టంలో పడి, గోడ వెంట పోయి, అతని పెరట్లోనే దిగాయి. నడక మీద ఒక్క చుక్క పడలేదు.

"ఇంకో ఆరు పొయ్యండి," అన్నాడు పెంకులాయన. పోశారు. అప్పుడూ పడలేదు.

"కట్టినప్పుడే ఆ గొట్టం పెట్టాను బావా," అన్నాడు. నెల తర్వాత బావతో మాట్లాడిన మొదటి మాట అది. "నీ నార తడవకూడదని."

బట్టీ ఆయన చేతులు దులుపుకున్నాడు. "చూశారుగా. చూరులో తప్పు లేదు. వ్యాజ్యం అబద్ధం. తగువు లేదు. తగువు లేకపోతే వీడు చుట్టం. తాతా, రేపటి నుంచి దారి వేసుకుంటాను."

కాటా తాత తాళ్ళాయన వైపు తిరిగాడు. "ఏమయ్యా? నీకూ వీడికీ తగువుందా, లేదా?"

తాళ్ళాయన నడక వైపు చూశాడు. చక్రం, మధ్యలో పేటలు నేలకు తగలకుండా పాతిన కర్రలు, అవతలి గుంజ. మధ్య కర్ర దగ్గర బండ్లు పోయే చోటు బట్టీ ఆయన అప్పుడే సున్నంతో గీసి ఉంచాడు. వీధి వీధంతా అక్కడే ఉంది. నార ఆమె ఉంది.

"వ్యాజ్యం అబద్ధమే," అన్నాడు. "తగువు నిజం."

"దేనికి తగువు?"

"చెప్పాలా?"

"చెప్పకపోతే దారి వేస్తాడు."

"వాణ్ణి బల్ల మీద చూడలేకపోయాను తాతా." వేలితో నలుగురినీ వరుసగా చూపించాడు. "మీరు నలుగురు. నాలుగు పేర్లు చెప్పొచ్చు. నలుగురూ వాడి పేరే చెప్పారు. ఒక్కరైనా నా పేరు చెప్పి ఉంటే ఊరుకునేవాణ్ణి. ఓడిపోయినా ఊరుకునేవాణ్ణి. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాను నేను. వాడు పెంకుల దుమ్ముతో వచ్చాడు. వాడికి కావాలని కూడా లేదు. రోజంతా నాకు వాడి గుమ్మం ఎదురుగా ఉంటుంది. ఎవరొచ్చినా నాకు కనిపిస్తారు. వాణ్ణి బల్ల మీంచి దింపితే చాలనుకున్నాను. వాన మూడు నెలల దాకా రాదని చూసుకునే చూరు మాట ఎత్తాను."

ఎవరూ నవ్వలేదు. బట్టీ ఆయనే అన్నాడు. "మాటలు ఎవడైనా చెప్తాడు. రాత్రి ఇద్దరూ కూర్చుని ఇదీ కలుపుకుని ఉంటారు. ఆనవాలేది?"

 తాళ్ళాయన భార్య జనం మధ్య నుంచి నడక వెంట అవతలి కొసకు పోయింది. గుంజకున్న పురికొస విప్పుకుని వచ్చి తాత చేతిలో పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

"మా ఆయన కడుపుమంట తాతా. లెక్కపెట్టుకోండి. తమ్ముడి గుమ్మంలోకి మనిషి వచ్చినప్పుడల్లా ఒక ముడి. నేను చూడట్లేదనుకున్నారు."

తాళ్ళాయన తల వంచుకున్నాడు. తాత పురికొసను వేళ్ళతో తడుముతూ పోయాడు. కాటా పట్టిన చెయ్యి అది, తొందరపడదు. "మొదటి ముళ్ళు మట్టిపట్టి బిగుసుకుపోయాయి," అన్నాడు. "చివరివి తెల్లగా ఉన్నాయి. ఇది ఒక్క రోజులో వేసింది కాదు. వీడు బల్లెక్కిన రోజు నుంచీ ఉంది." పక్కవాళ్ళకు ఇచ్చాడు. నలుగురి చేతులూ దాటి అది పెంకులాయన దగ్గరికి వచ్చింది.

పెంకులాయన దాన్ని చాలాసేపు చూశాడు. ముళ్ళు దగ్గర దగ్గరగా పడిన చోట ఆగాడు. "ఇవెప్పటివి బావా?"

"వ్యాజ్యం వేశాక."

"వాళ్ళు నా కోసం రాలేదు. నా చూరు కారుతోందట కదా, మా ఇంటి కప్పు కూడా కారుతుందేమో చూసి పొమ్మని అడగడానికొచ్చారు. నెల నుంచీ ఊరంతా నిచ్చెనేసుకుని తిరుగుతున్నాను. పని మానుకుని."

తాళ్ళాయన ఆ మాట విని తల ఎత్తాడు. "పదకొండు మంది వచ్చిన రోజు కూడానా?"

"ఆ రోజు పదమూడు. ఇద్దరు నీకు కనపడకుండా పెరటి గుమ్మంలోంచి వచ్చారు. నీకు మొహమాటపడి."

ఈసారి జనం నవ్వారు. తాళ్ళాయన కూడా నవ్వాలనుకున్నాడు గానీ, ఆ రెండు ముళ్ళు తప్పిపోయాయన్నది అతని మనసులో ఒక పక్క పట్టుకుంది.

తీర్పు అక్కడే నిలబడి చెప్పారు. వ్యాజ్యం అబద్ధం, తగువు నిజం. పెంకులాయన నోరు రెండు నోళ్ళ కింద చెల్లుతుంది. నడక తాళ్ళాయనదే. వ్యాజ్యం కొట్టేశారు కాబట్టి పెంకులాయన వెంటనే బల్లెక్కాలి. అబద్ధపు వ్యాజ్యం వేసినవాడికి ఊళ్ళో ఉన్న శిక్ష ఒకటే: ఏడాది పాటు బల్ల కూర్చున్న ప్రతిసారీ షెడ్డు ఊడ్చి, బల్ల తుడిచి, కూర్చున్న ఐదుగురికీ నీళ్ళందించాలి. పురికొసను తాత తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంకెప్పుడైనా ఇలాంటి తగువు వస్తే చూపించడానికి పనికొస్తుందన్నాడు.

బట్టీ ఆయన సున్నం గీతను కాలితో చెరిపాడు. పోతూ పోతూ, "నా మీద ఏడ్చేవాడు ఒక్కడుండి ఉంటే నా దావా కూడా గెలిచేది," అన్నాడు.

"నువ్వు నిద్రపోతావు కదన్నా, ఎవడేడుస్తాడు?" అంది నార ఆమె.

బల్ల మళ్ళీ కూర్చునే రోజున తాళ్ళాయన అందరికంటే ముందు షెడ్డుకు వచ్చాడు. మామూలు చొక్కానే వేసుకున్నాడు. ఊడ్చాడు, బల్ల తుడిచాడు. ఐదో చోటు మిగతా వాటికంటే ఎక్కువసేపు తుడిచాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అక్కడ కూర్చున్నాడు. ఆ చోటు నుంచి షెడ్డు గుమ్మం, రోడ్డు, రోడ్డు మీద వచ్చేవాళ్ళ మొహాలు కనిపించాయి. కాసేపటికి మనుషుల అలికిడి విని లేచాడు.

నీళ్ళందించేటప్పుడు వరుసగా నలుగురికీ ఇచ్చి బావమరిది దగ్గరికి వచ్చాడు. పెంకులాయన చెంబు అందుకుని, "కూర్చున్నావా?" అన్నాడు మెల్లగా.

"ఎక్కడ?"

"చెక్క వెచ్చగా ఉంది బావా."

తాళ్ళాయన చెంబు వెనక్కి తీసుకుని గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

మర్నాడు నడకలో పని మొదలైంది. ఒక బావికి తాడు కావాలని చెప్పి పోయారు. భార్య చక్రం తిప్పింది, అతను నార వదులుతూ వెనక్కి నడిచాడు. నలభై అడుగులు పోయాక ఆమె చేతికి నార బిగుసుకున్నట్టు తెలిసింది. తమ్ముడి గుమ్మంలోకి ఎవరో వచ్చి ఉంటారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. అతను నూట యాభై అడుగులూ నడిచి, కొస చేరి, పేటను గుంజకు కట్టి, అక్కడే ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

"ఇంకో పురికొస తేనా?" అని కేకేసింది భార్య.

అతను చక్రం మీదుగా ఆ గుమ్మం వైపు చూశాడు.

"ఈసారి పొడుగుది తే," అన్నాడు.